జనవరి 20 ట్రిప్‌కి ఎవరు గెలుస్తారో తెలియకముందే సంతకం పెట్టండి: మన తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

మన డిస్ట్రిక్ట్ స్కూళ్లలో పిల్లల్ని చదివించుకుంటున్న తెలుగు అమ్మానాన్నలందరికీ నమస్కారం.

నేను మీలో చాలామందికి తెలిసినదాన్నే. 2025 జనవరిలో మన మిడిల్ స్కూల్ పిల్లలు 38 మందిని ప్రెసిడెంట్ ప్రమాణ స్వీకారం చూపించడానికి వాషింగ్టన్ డీసీ తీసుకెళ్లిన బస్సులో, టీచర్లకు తోడుగా వెళ్లిన పేరెంట్స్‌లో నేనొకదాన్ని. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో గ్రేడ్. మా బాబు 2029 జనవరికి సరిగ్గా అదే గ్రేడ్‌లో ఉంటాడు. అంటే ఈ విషయంలో నా స్వార్థం కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

పోయిన వారం స్కూల్ బోర్డు నుంచి అందరికీ ఒక ఫారం వచ్చింది కదా, 2029 ట్రిప్ ఉంచాలా, ఎత్తేయాలా, ఉంచితే మీ పిల్లల్ని పంపుతారా అని. ఆ రోజు నుంచీ మన వాట్సాప్ గ్రూప్‌లో వస్తున్న మెసేజ్‌లన్నీ చదువుతూనే ఉన్నాను. పోయినసారి అంత డబ్బు పోసి పిల్లలు హోటల్లో కూర్చుని టీవీ చూసొచ్చారు, ఇంకా ఎందుకండీ అని కొందరు. ముందు 2028లో ఎవరు గెలుస్తారో చూద్దాం, మనవాళ్లు గెలిస్తే పంపుదాం అని ఇంకొందరు. మొదటి మాటలో నిజం ఉంది, దాని గురించి వివరంగా చెబుతాను. రెండో మాట చదివాక మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఎందుకంటే ఎవరు గెలిచారో చూసి సంతకం పెట్టడం ఈ ట్రిప్‌లో కుదరని పని. ఎన్నికలు 2028 నవంబర్ 7న, ప్రమాణ స్వీకారం 2029 జనవరి 20న, మధ్యలో ఉన్నవి 74 రోజులు. ఆ 74 రోజుల్లో డీసీలో 43 మందికి హోటల్ రూములు దొరకవు, బస్సు దొరకదు. అందుకే టూర్ కంపెనీలు డిపాజిట్లు ఏడాది ముందు నుంచే కట్టించుకుంటాయి. అంటే మనం పర్మిషన్ స్లిప్ మీద సంతకం పెట్టేనాటికి పోటీలో చివరికి ఎవరు మిగులుతారో కూడా తెలియదు. ఎవరొచ్చినా సరే, ఆ రోజు క్యాపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మెట్ల మీద ప్రమాణం చేసేవాళ్లని మా పిల్లాడు చూస్తాడు అని రాసిచ్చినట్టు. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

ఇప్పుడు 2025లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, సగం సగం కథలు చాలా తిరుగుతున్నాయి కాబట్టి.

టికెట్లు ఎవరూ కొనలేదు, అవి అమ్మేవి కావు. అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల నుంచి ఉచితంగా ఇస్తారు. మా సోషల్ స్టడీస్ టీచర్ నెలల ముందే మన ప్రతినిధి ఆఫీసుకీ, ఇద్దరు సెనేటర్ల ఆఫీసులకీ అర్జీలు పెట్టి, కొన్ని ఇక్కడ కొన్ని అక్కడ పోగుచేసి, అందరికీ సరిపోయేలా చూశారు. క్యాపిటల్ భవనం పడమటి వైపు పచ్చిక మీద నిలబడి చూడాలి. 1981లో రీగన్ మొదటిసారి ప్రమాణం చేసినప్పటి నుంచి వేడుక బయట జరిగినప్పుడల్లా ఆ పడమటి వైపే జరుగుతోంది, ఎదురుగా నేషనల్ మాల్ అనే పెద్ద మైదానమంతా కనిపిస్తుంది కాబట్టి లక్షలమంది నిలబడి చూసే వీలుంటుంది.

జనవరి 17, శుక్రవారం తెల్లవారుజామున బస్సెక్కాం. మధ్యాహ్నం పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద ఒక సర్వీస్ ప్లాజాలో ఆగి ఉన్నాం. నేను ముగ్గురు పిల్లలకి మా ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పేపర్ ప్లేట్లలో పెడుతున్నాను. ఒకేసారి నాలుగైదు ఫోన్లు మోగాయి. విపరీతమైన చలి వల్ల ప్రమాణ స్వీకారాన్ని లోపల, క్యాపిటల్ గుమ్మటం కింద ఉండే రొటుండా హాల్లోకి మార్చేశారని వార్త. రొటుండాలో పట్టేది 600 మందికి. అప్పటికి పంచిన టికెట్లు 2 లక్షలకు పైగా. మా అమ్మాయి ప్లేటు చేతిలో పట్టుకుని నావైపు చూసి, "అంటే మనం వెనక్కి వెళ్లిపోతామా అమ్మా?" అంది. ఆ పిల్ల ముఖం నాకింకా కళ్లముందే ఉంది. పక్క సీటు అబ్బాయి ఏడుపు ఆపుకుంటూ షూ లేసులు విప్పి మళ్లీ కడుతున్నాడు.

ఇలా జరగడం కొత్తేమీ కాదని ఆ రోజు బస్సులో టీచర్ చెబితేనే నాకు తెలిసింది. 1985లో రీగన్ రెండో ప్రమాణ స్వీకారం కూడా ఇలాగే రొటుండాలోకి వెళ్లింది. మధ్యాహ్నం ఉష్ణోగ్రత 7 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 14 సెల్సియస్. పరేడ్ మొత్తం రద్దు. దేశం నలుమూలల నుంచి వాయిద్యాలు మోసుకొచ్చిన స్కూలు బ్యాండ్ల పిల్లలు అలాగే ఉండిపోతే, వాళ్లకోసం మేరీల్యాండ్‌లో ఒక ఇండోర్ స్టేడియంలో విడిగా ఒక కార్యక్రమం పెట్టారు, ప్రెసిడెంట్ అక్కడికి వెళ్లారు. ఈ కథ విన్నాక బస్సులో పిల్లలు కొంచెం తేరుకున్నారు. తమకంటే ముందు ఇంకెవరో పిల్లలు ఇదే బాధ పడ్డారని తెలియడమే వాళ్లకి పెద్ద ఊరట.

అయితే టూర్ కంపెనీ చేసింది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బ్రోచర్ మీద క్యాపిటల్ మెట్ల ఫోటో వేసి, ఒక్కో పిల్లకి 1,200 డాలర్లు తీసుకుని, తీరా అడిగితే "ఊరికి తీసుకెళ్తామనే కాంట్రాక్ట్‌లో రాశాం, వేడుక చూపిస్తామని రాయలేదు" అన్నారు. కాంట్రాక్ట్ తీసి చూస్తే నిజమే, అలాగే ఉంది. మనం ఎవరమూ అది చదవలేదు, నేనూ చదవలేదు. స్కూలు నుంచి కూడా ఆ శుక్రవారం రాత్రి పది దాకా పేరెంట్స్‌కి ఒక్క మెసేజ్ రాలేదు. ఇక్కడ మీరందరూ టెన్షన్ పడుతూ నాకే ఫోన్లు చేశారు, ఒక పక్క పిల్లల్ని రూముల్లోకి పంపుతూ ఇంకో పక్క ఆ ఫోన్లకి సమాధానాలు చెప్పుకున్నాను. ఈ తప్పులు బోర్డు ముందు గట్టిగానే చెబుతాను. కానీ ఇవి ట్రిప్ ఎత్తేయడానికి కారణాలు కావు, సరిగ్గా ప్లాన్ చేయడానికి కారణాలు.

శనివారం పిల్లల్ని నేషనల్ ఆర్కైవ్స్‌కి తీసుకెళ్లాం. లోపల వెలుతురు బాగా తక్కువ, ఫోటోలు తీయనివ్వరు. అందుకేనేమో, ఫోన్లు జేబుల్లో పెట్టుకుని పిల్లలు నిజంగా చూశారు. గాజు కింద అసలు రాజ్యాంగం, నాలుగే నాలుగు పెద్ద పేజీలు, సిరా కొన్నిచోట్ల వెలిసిపోయి ఉంది. ప్రెసిడెంట్ చేసే ప్రమాణం అందులోనే ఉంది, సరిగ్గా 35 మాటలు. మిగతా అధికారులు ప్రమాణం చేయాలని రాజ్యాంగం చెబుతుంది గానీ ఏ మాటలు పలకాలో చెప్పదు, ప్రెసిడెంట్‌కి మాత్రమే మాట మాట రాసిపెట్టారు. అందులో దేశాన్ని కాపాడతానని ఉండదు, పార్టీ మాట అసలే ఉండదు. పదవిని నమ్మకంగా నిర్వహిస్తాను, రాజ్యాంగాన్ని శక్తిమేరకు కాపాడతాను, అంతే. మా అమ్మాయి గాజుకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, అంత పాత చేతిరాతలో "ఓత్" అన్న మాట వెతుక్కుంటూ ఉంటే వెనక క్యూ ఆగిపోయింది, గార్డు వచ్చి ముందుకు నడవమనాల్సి వచ్చింది.

అదే శనివారం ఊళ్లో వేలమంది నిరసన ఊరేగింపు తీశారు. సాయంత్రం మేం ఎక్కిన మెట్రో పెట్టెలో ప్లకార్డులు పట్టుకున్న ఆడవాళ్లూ, ట్రంప్ అభిమానుల ఎర్ర టోపీలు పెట్టుకున్న కుటుంబమూ ఎదురెదురు సీట్లలో కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఒకావిడ తన ప్లకార్డు పక్కకి జరిపి ఆ కుటుంబంలో చిన్నపిల్లకి కూర్చోవడానికి చోటిచ్చింది. మన పిల్లలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ఈ దృశ్యం ఏ చానల్లో కనిపిస్తుందండీ?

ఇక సోమవారం. చాలామంది లాగే మేమూ క్యాపిటల్ వన్ అరీనా అనే ఇండోర్ స్టేడియం దగ్గర, పెద్ద తెరమీద చూడొచ్చని, పొద్దున ఐదున్నరకే క్యూలో నిలబడ్డాం. లోపల పట్టేది సుమారు 20,000 మందికి. మా ముందు ఎన్ని బ్లాకులు క్యూ ఉందో తల తిప్పినా కనపడలేదు. పిల్లల చేతుల్లో హ్యాండ్ వార్మర్లు పెట్టాం, అవి రెండు గంటలకి గట్టిపడిపోయాయి. మామూలు స్నీకర్లు వేసుకొచ్చిన ఒక బాబు కాలివేళ్లు తెలియడం లేదన్నాడు. తొమ్మిదిన్నరకి టీచర్ "చాలు, వెనక్కి వెళ్దాం" అన్నారు. ఆ క్షణంలో నాకు కోపమొచ్చింది, ఇంకో గంట నిలబడితే దొరుకుతుందేమో అని వాదించాను కూడా. ఆమె చెప్పిందే కరెక్ట్. ఆ బాబు కాళ్లు మెట్రోలో నా ఒళ్లో పెట్టుకుని రుద్దుతున్నప్పుడు నాకు తెలిసొచ్చింది.

హోటల్ బ్రేక్‌ఫాస్ట్ రూములో టీవీ పెట్టారు. మీరు "టీవీ చూసొచ్చారు" అంటున్నది దీన్నే. నిజమే, టీవీయే. కానీ ఆ గదిలో ఏం జరిగిందో వినండి. టీచర్ అందరికీ ప్రమాణం అచ్చువేసిన కాగితం, ఒక పెన్ను ఇచ్చారు. ఒక్కో మాట వినగానే దాని కింద గీత గీయమన్నారు. 2009లో ఒబామా ప్రమాణంలో "నమ్మకంగా" అన్న మాట చోటు మారిపోతే, ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్ హౌస్‌లో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ మళ్లీ చేయించారని కూడా చెప్పారు. ఇక చూడండి, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు, తడిసిన సాక్సులతో, మోకాళ్ల మీద కాగితాలతో.

పన్నెండు అయ్యింది. ప్రమాణం ఇంకా మొదలవలేదు. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి గడియారం చూపిస్తూ అడిగాడు: "పదవీకాలం పన్నెండుకే అయిపోతుందన్నారు కదా, మరి ఇప్పుడు ప్రెసిడెంట్ ఎవరు?" గదిలో పెద్దవాళ్లం మొహమొహాలు చూసుకున్నాం. టీచర్ నెమ్మదిగా చెప్పారు. రాజ్యాంగం 20వ సవరణ ప్రకారం జనవరి 20 మధ్యాహ్నం పన్నెండుకి పాత ప్రెసిడెంట్ కాలం ముగుస్తుంది, కొత్తవారిది మొదలవుతుంది, గడియారమే మారుస్తుంది. కానీ ఆ అధికారాన్ని వాడాలంటే మాత్రం ముందు ప్రమాణం చేయాలి. 1933 దాకా ఇది మార్చి 4న ఉండేది, నాలుగు నెలలు ఎదురుచూడాల్సి వచ్చేది. 1937లో రూజ్‌వెల్ట్ రెండోసారి ప్రమాణం చేసినప్పటి నుంచి జనవరికి మారింది. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్లలు నేర్చుకున్నది, నేను సిటిజన్‌షిప్ టెస్ట్ కోసం వంద ప్రశ్నలు బట్టీపట్టినప్పుడు కూడా నేర్చుకోలేదు.

ఆ గదిలో రెండు రకాల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. గెలిచిన ఆనందంతో వచ్చినవాళ్లున్నారు, నవంబర్‌లో ఏడ్చినవాళ్లున్నారు. ప్రమాణం జరుగుతున్నంతసేపూ గీతలు గీస్తున్న పెన్నుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. అయ్యాక కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టలేదు, ఎవరూ ఎవరినీ దెప్పలేదు. తర్వాత పాత ప్రెసిడెంట్ దంపతులు హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోవడం చూపించారు. ఒక బాబు పరిగెత్తుకెళ్లి కిటికీలోంచి ఆకాశంలోకి చూశాడు. మేం వర్జీనియా వైపు ఉన్నాం, ఏమీ కనపడలేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇప్పుడు "మనవాళ్లు గెలిస్తేనే" అన్న మాట దగ్గరికి వస్తాను.

మనలో ఎవరు ఎటువైపో నాకు కొంచెం తెలుసు, నేనెటో మీకు తెలుసు, ఆ చర్చ ఇక్కడ వద్దు. కానీ 2025లో ఈ కారణంతోనే పిల్లల్ని ఆపేసిన ఇళ్లు మనలో ఉన్నాయి. ఆ రోజు సాయంత్రానికి అవే ఇళ్ల నుంచి గ్రూప్‌లోకి వచ్చిన వీడియో ఏది? వైస్ ప్రెసిడెంట్ ప్రమాణం చేస్తుంటే పక్కన బైబిల్ పట్టుకుని నిలబడిన ఉషా వాన్స్‌ది, మన చిలుకూరి ఉషది. ఆంధ్ర నుంచి వచ్చిన తెలుగు దంపతుల కూతురు అక్కడ నిలబడింది. పార్టీ ఏదైనా ఆ రోజు మన అందరికీ గుండె ఉప్పొంగింది, నాకూ ఉప్పొంగింది. నాలుగేళ్ల ముందు కమలా హారిస్ ప్రమాణం చేసినప్పుడు, వాళ్లమ్మ చెన్నై నుంచి వచ్చినావిడ అని మనమే పిల్లలకి పిలిచి చూపించాం. రెండుసార్లూ మన పిల్లలు మనల్నే గమనించారు. ఒకసారి ఒక పార్టీ, ఇంకోసారి ఇంకో పార్టీ. ఆ పిల్లలకి ఇప్పుడు "గెలిచింది మనవాళ్లు కాదు, వెళ్లొద్దు" అని చెబితే, వాళ్లకి అర్థమయ్యేదేంటి? ఓడినవాళ్లకి ఆ రోజుతో సంబంధం లేదనే కదా.

నిజానికి ఆ రోజు అసలు పని ఓడినవాళ్లదే. 1801లో జెఫర్సన్ ప్రమాణం చేసిన రోజు, ఓడిపోయిన జాన్ ఆడమ్స్ తెల్లారకముందే ఊరు వదిలి వెళ్లిపోయారు, వేడుకకి ఉండలేదు. కానీ వెళ్లిపోయారు, అదీ ముఖ్యం. పదవి ఒక పార్టీ చేతిలోంచి ఇంకో పార్టీ చేతికి మొదటిసారి మారింది, ఎవరూ కత్తి దూయలేదు. 2021లో అప్పటి ప్రెసిడెంట్ రాలేదు, రెండు వారాల ముందే జనవరి 6న క్యాపిటల్ మీద దాడి జరిగింది, ఊరంతా 25,000 మంది నేషనల్ గార్డ్ సైనికులు, కోవిడ్ వల్ల జనాన్ని రావద్దన్నారు, మాల్ నిండా మనుషుల బదులు జెండాలు పాతారు. అయినా ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి మారాల్సింది మారింది. 2025లో ఓడిపోయిన కమలా హారిస్ అదే రొటుండాలో కూర్చుని, తనని ఓడించిన మనిషి ప్రమాణం మొత్తం చూశారు. ఆవిడ ముఖం టీవీలో చూపించినప్పుడు మా అమ్మాయి "తనకి ఎంత కష్టంగా ఉంటుందో కదమ్మా" అంది. పదమూడేళ్ల పిల్లకి ఆ ఒక్క ముక్క తట్టింది చూశారా, అందుకే నేను మా బాబుని కూడా పంపుతాను.

మా నాన్నగారి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన అప్పట్లో పక్కా కాంగ్రెస్ పార్టీ మనిషి. 1983 జనవరి 9న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తుంటే, ఓటు వేయకపోయినా, వెళ్లి చూసొచ్చారు. ఎందుకెళ్లారు నాన్నా అని అడిగితే, "మన ముఖ్యమంత్రే కదమ్మా ఇక" అనేవారు. ఆయన ఆ తర్వాత కూడా ఎన్టీఆర్‌కి ఓటు వేయలేదు. నలభై ఏళ్లపాటు ఆ రోజు గురించి మాత్రం చెబుతూనే ఉన్నారు.

మనకి ఓటే లేదు, వీసా మీద ఉన్నాం, మనకెందుకండీ ఇవన్నీ అని రాసినవాళ్లకి నా దగ్గర సులభమైన సమాధానం లేదు. ఆ భయం చిన్నదని నేను అనను. 2025 జనవరి 20నే సంతకం చేసిన ఆర్డర్లలో ఒకటి, వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ పుట్టబోయే పిల్లలకి పౌరసత్వం ఇవ్వొద్దన్నది. ఆ రాత్రి బస్సులో తిరిగొస్తుంటే నాతో వచ్చిన ఇంకొక అమ్మ ఫోన్ పట్టుకుని బిగుసుకుపోయింది, వాళ్ల చెల్లెలు అప్పుడు ఆరో నెల గర్భిణి. పిల్లలు నిద్రపోతుంటే ముందు సీట్లో ఇద్దరం ఆ వార్తలే చదువుకుంటూ వచ్చాం. ఆ ఆర్డర్ మీద కోర్టుల్లో జరిగిన వాదనంతా ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులని చెప్పే రాజ్యాంగం 14వ సవరణలోని మొదటి వాక్యం చుట్టూ తిరిగింది. పొద్దున మన పిల్లలు గీతలు గీసిన ప్రమాణం ఆ రాజ్యాంగాన్ని కాపాడతాననే కదా. మనకి ఓటు ఉన్నా లేకపోయినా, మన బతుకులు ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి పద్దెనిమిది రాగానే ఓటు వస్తుంది. ఎవరికి వేయాలో తర్వాత తేల్చుకుంటారు, గెలిచినవాళ్లు ఏ మాట మీద నిలబడాలో మాత్రం ఇప్పుడే తెలిస్తే మంచిది.

చలి గురించి: థర్మల్స్, ఉన్ని సాక్సులు రెండు జతలు, వాటర్‌ప్రూఫ్ బూట్లు. స్నీకర్లు వద్దే వద్దు. సెక్యూరిటీ దగ్గర బ్యాక్‌ప్యాక్‌లు, గొడుగులు, ఫ్లాస్కులు రానివ్వరు, కాబట్టి వేడినీళ్ల ఫ్లాస్క్ పంపే అమ్మలు ముందే మనసుకి నచ్చజెప్పుకోండి. కోట్ల లోపలి జేబులు పనికొస్తాయి. 2029 జనవరి 20 శనివారం పడింది, కాబట్టి స్కూలు పోయేది మహా అయితే శుక్రవారం ఒక్కరోజు.

భద్రత విషయంలో, ఆ రోజు ఊరంతా సీక్రెట్ సర్వీస్ పర్యవేక్షణలో ఉంటుంది, అడుగడుగునా తనిఖీలు. నాకు అసలు భయం వేసింది జనంలో పిల్లలు తప్పిపోతారని. 2009లో టికెట్లున్న వేలమంది థర్డ్ స్ట్రీట్ కింద సొరంగంలో గంటల తరబడి ఇరుక్కుపోయి ప్రమాణం చూడలేకపోయారు. అందుకే ఎనిమిది మంది పిల్లలకి ఒక పెద్దవాళ్లు కాదు, ఐదుగురికి ఒకరు ఉండాలని అడగబోతున్నాను. అంటే మనలోంచే ఇంకా నలుగురైదుగురు ముందుకు రావాలి. నాన్నలు కూడా. పోయినసారి తోడొచ్చినవాళ్లలో తెలుగు నాన్న ఒక్కరు కూడా లేరు.

డబ్బు సంగతి నేను తేలిగ్గా తీసుకోను. 1,200 డాలర్లు అంటే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో, ఒకరి జీతం మీద నడిచే ఇంట్లో, చిన్న మొత్తం కాదు. పోయినసారి మా అమ్మాయి క్లాసులో దగ్గరి స్నేహితురాలు డబ్బు లేకే రాలేదు, కారణం అది అని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, కడుపునొప్పి అంది. మాకు తెలిసేసరికి బస్సు బయలుదేరింది. ఈసారి అలాంటి పిల్లలకి ఒక నిధి పెట్టమని బోర్డుని అడుగుతాను, మన తెలుగువాళ్లం ఉగాది ఫంక్షన్‌కి హాలు, డీజే, డెకరేషన్లకి పోగుచేసే చందాలో కొంత ఇటు తిప్పితే నలుగురైదుగురు పిల్లలు హాయిగా వెళ్లొస్తారు. ఏ పిల్ల డబ్బు ఎవరు కట్టారో క్లాసులో తెలియకూడదు, అదొక్కటి గట్టిగా చూసుకోవాలి.

కాంట్రాక్ట్‌లో మాత్రం ఈసారి ప్రతి లైనూ చదువుదాం. వేడుక లోపలికి మారితే ఏంటి, రద్దయితే ఎంత వెనక్కిస్తారు, ఏ రోజు లోపల మానుకుంటే పూర్తి డిపాజిట్ వస్తుంది, ఇవన్నీ సంతకానికి ముందే రాతపూర్వకంగా ఉండాలి. పిల్లలు ఒక హాల్లో కలిసి కూర్చుని చూసే ఏర్పాటు ముందే బుక్ చేసి ఉంచాలి, బ్రేక్‌ఫాస్ట్ రూములో ఎవరో వచ్చి చానల్ మార్చకుండా నేను రిమోట్ చేతిలో పట్టుకుని నిలబడే పరిస్థితి రాకూడదు. శాకాహారం తినే పిల్లలకి మూడు రోజులూ చీజ్ పిజ్జా పెట్టకూడదు. పేరెంట్స్‌కి సమాచారం గంటలోపు రావాలి. ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టాను, కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను, మీకు తోచింది కలపండి.

మా అమ్మాయికి ఆ టికెట్ తర్వాత చేతికొచ్చింది, జ్ఞాపకంగా ఉంచుకోమని ఇచ్చారు. ఏ గేటులోనూ చూపించని టికెట్ అది. దాన్ని, ఆ గీతలు గీసిన కాగితాన్ని, రెంటినీ కలిపి తన బల్ల మీద గోడకి అతికించుకుంది. 35 మాటల కిందా గీతలున్నాయి, ఒక్కచోట పెన్ను ఆగిపోయి కాగితం కొద్దిగా చిరిగింది. తమ్ముడు దాన్ని ముట్టుకోబోతే ఊరుకోదు.

బోర్డు మీటింగ్ వచ్చే మంగళవారం సాయంత్రం ఏడింటికి, హైస్కూల్ లైబ్రరీలో. మాట్లాడాలనుకునేవాళ్లు ఆరున్నరకల్లా వెళ్లి పేరు రాయించుకోవాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇస్తారు. ఇంగ్లీషులో మాట్లాడటానికి మొహమాటపడేవాళ్లు రాసి తెస్తే నేను చదివి వినిపిస్తాను, మీ పేరుతోనే. రాలేనివాళ్లు ఫారంలో "ట్రిప్ ఉంచాలి" అన్న గడిలో టిక్ పెట్టి శుక్రవారం లోపల పిల్లల చేతికిచ్చి పంపండి. ఆ ఫారం చివర "వ్యాఖ్యలు" అని ఖాళీ ఉంది, దయచేసి అందులో ఫలానా వాళ్లు గెలిస్తేనే అని మాత్రం రాయకండి.

ఇట్లు,
2025 బస్సులో ముందు సీట్లో కూర్చుని వచ్చిన ఒక అమ్మ